పొగ తగిలిన మిరపకాయలు

పటమట, విజయవాడ
ఫిబ్రవరి 3, 2026

సంపూర్ణత్తకి,

మీ తమ్ముడి కూతురు శాలిని నమస్కారాలు. ఇదేమిటి, ఉత్తరం వచ్చింది, దీని ఫోను గానీ పాడైందా అని కంగారు పడకు. ఫోను నిక్షేపంలా ఉంది. నీకు ఫోను చేస్తే "తిన్నావా, ఆరోగ్యం జాగ్రత్త, ఉంటాను" అని మూడు ముక్కల్లో పెట్టేస్తావు. నా పని మూడు ముక్కల్లో తెమిలేది కాదు. మీ అబ్బాయి ఫిన్నీ బావ రోజూ ఉయ్యూరు నుంచి ఆటోనగర్ షెడ్డుకి బస్సులో వస్తూనే ఉన్నాడు కదా, సాయంత్రం వెళ్ళేటప్పుడు ఇది ఆయన చేతికిస్తున్నాను. ముప్ఫై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినదానివి, రాసిన కాయితం కనిపిస్తే జవాబివ్వకుండా ఉండలేవని నా ధైర్యం.

నా కొట్టు గురించి నాన్న నీకు చెప్పే ఉంటాడు, ఆయనకి తోచినట్టు. అది పానీపూరీ బండి కాదు. మెక్సికో వంటల కొట్టు. టాకో అంటే బ్రహ్మవిద్యేం కాదు. చిన్న మొక్కజొన్న రొట్టెని మధ్యకి మడిచి, లోపల మసాలా పట్టించి వేయించిన చికెనో రాజ్మానో పెట్టి, పైన ఉల్లిపాయ ముక్కలు, టమాటా, నిమ్మరసం. అంతే. ఒకసారి తిన్నవాళ్ళు రెండోసారి వస్తున్నారు. చిక్కంతా మసాలాతోనే వచ్చింది. డబ్బాల్లో దొరికే టాకో మసాలా సగం ఉప్పు, సగం పిండి. అది చల్లితే నా చికెను, పక్క కొట్టు వాడి చికెను ఒకేలా ఉంటున్నాయి.

అసలు సంగతికి వస్తాను. కానూరులో ఒక ఆడపిల్లల హాస్టలు ఉంది. నాలుగు వందల మంది. వారానికి రెండు సాయంత్రాలు టిఫిను బయట నుంచి తెప్పిస్తారట. మార్చి 28న వార్డెను గారు, పిల్లల కమిటీ కూర్చుని రుచి చూసి ఎవరికివ్వాలో తేలుస్తారు. నాతోపాటు నూడుల్స్ ఆయన ఒకడు, షవర్మా ఆయన ఒకడు పోటీకి వస్తున్నారు. ఈ ఆర్డరు వస్తే నా కొట్టు నిలుస్తుంది. రాకపోతే ఏప్రిల్లో ఖాళీ చేసి, హైదరాబాదులో అక్క దగ్గరికి వెళ్ళి బావగారు చూసిపెట్టిన ఆఫీసు ఉద్యోగంలో చేరతానని నాన్నకి మాటిచ్చాను. ఇచ్చానే గానీ నాకు అది వద్దు అత్తా. పొద్దున కళ్ళు తెరవగానే చెయ్యాలనిపించే పని నాకు ఇదొక్కటే.

కావలసినవి వెనక పేజీలో రాశాను. ఎండుమిరప, జీలకర్ర, ధనియాలు, ఎండబెట్టిన ఉల్లి, వెల్లుల్లి, కాస్త దాల్చినచెక్క, ఉప్పు, ఒరెగానో అనే ఆకు. ఉయ్యూరులో సగం ఇళ్ళ ఏడాది కారం నీ చేతి మీదుగానే వెళుతుంది. గిన్నె మీదికి వంగి ఒక్కసారి వాసన చూసి "ధనియం తగ్గింది" అని చెప్పేదానివి, నా చిన్నప్పుడు అది గారడీ అనుకునేదాన్ని. ఆ గారడీ నాకు అరువివ్వు.

నీ మేనకోడలు,
శాలిని

ఉయ్యూరు
ఆదివారం, ఫిబ్రవరి 8

చిట్టితల్లి శాలూకి,

దేవుడు నిన్నూ నీ మడత రొట్టెలనీ చల్లగా చూడాలి. గుడి నుంచి వచ్చి, అన్నం తిని, కళ్ళజోడు వెతుక్కుని రాస్తున్నాను.

నీ జాబితా చదివి నవ్వొచ్చింది. ఎక్కడో మెక్సికో అని హడలగొట్టావు. తీరా చూస్తే మన కూర కారమే. మెంతులు తీసేశారు పాపం, ఎవరూ చెప్పినవాళ్ళు లేక. జీలకర్ర వేయించాలో పచ్చిగా కొట్టాలో నువ్వు రాయలేదు. పచ్చిగా కొడితే నాకు మనసొప్పదు, వేయించాను.

ఉల్లిపాయతోనే వచ్చింది తంటా. మన గాలికి తడి ఎక్కువ కదా, డాబా మీద రెండు రోజులుంచినా ముక్కలు చేతికి అంటుకుంటున్నాయి. కాకులు సగం పట్టుకుపోయాయి. చివరికి మీ బావ వాటిని గుడ్డలో మూటగట్టి ఆటోనగర్ తీసుకెళ్ళి షెడ్డు రేకు మీద ఆరబోశాడు. మర్నాటికల్లా గలగలలాడుతూ వచ్చాయి. నీ మసాలాలో లారీల దుమ్ము రవ్వంత ఉంటే నన్ననకు, వాణ్ణి అడుగు.

ఆ ఒరెగానో ఏమిటో నాకు తెలియలేదు. వినీల పిజ్జాతో వచ్చిన చిన్న పొట్లం తెచ్చి చింపింది. నువ్వే చూసి చెప్పవే అన్నాను. అది వాసన చూసి, "మన పెరట్లో వామాకులా ఉందత్తయ్యగారూ" అంది. అయితే వామాకే. ఎండబెట్టి నలిపి వేశాను. కోడలికి బుర్ర ఉంది, ఈ మధ్య ప్రతిదీ దాని చేతే చూపించి నేర్పిస్తున్నాను.

కొలతలు మాత్రం అడగకు. నా గుప్పెడు నాది, నీ గుప్పెడు నీది. వాడిచూసి ఎలా ఉందో రాయి.

మీ నాన్న జక్కయ్యకి చెప్పు, నీ టాకోకి వాడు పెట్టిన మడత రొట్టె అన్న పేరు బాగానే ఉందని.

మీ అత్త,
సంపూర్ణమ్మ

పటమట
ఫిబ్రవరి 14

అత్తా,

నీ చేతులకి దండం. డబ్బా మూత తీయగానే కొట్టు ముందు బైకు మీద కూర్చున్న కుర్రాడు దిగి లోపలికి వచ్చాడు. వామాకు అద్భుతం. నిజం ఒరెగానో వేసినా ఇంత బాగుండదేమో. వినీలక్కకి నా తరఫున ఒక టాకో బాకీ.

కానీ మెంతులు వేశావు కదూ. జాబితాలో లేకపోయినా వేశావు. నాలుక చివర చిన్న చేదు తగిలింది, పట్టేశాను.

ఈసారి రెండు కిలోలు కావాలి. మెంతులు లేకుండా. ఎందుకంటే వార్డెను గారు ముందస్తుగా ఒకసారి కొట్టుకి వస్తానన్నారు, ఈ నెలాఖరులోనే.

శాలిని

ఉయ్యూరు
ఫిబ్రవరి 22, ఆదివారం

శాలూ,

మెంతులు నాలుగంటే నాలుగు గింజలు. అవి కూడా చేతికంటుకుని పడ్డాయనుకో.

రెండు కిలోలూ పంపుతున్నాను, ఈసారి పూర్తిగా నా ఒంటి చేతి పనే. వినీల చెల్లెలికి కాన్పు అయింది, మగపిల్లాడు. వినీల కూచిపూడి పుట్టింటికి వెళ్ళి వారం దాటింది. ఫిన్నీ వచ్చేసరికి ఎనిమిదవుతోంది, వచ్చి తిని పడుకుంటాడు. నాకు ఇంట్లో మిరపకాయలే తోడు. వెనక వసారాలో గోతాం పరిచి పోశాను. మొన్న బుధవారం నుంచి గుడిలో ఈస్టరు ముందరి శ్రమకాలం కూడికలు మొదలయ్యాయి. సాయంత్రం అయిదింటికి వెళ్ళి ఏడింటికి వస్తున్నాను. వచ్చి వసారా తలుపు తీస్తే కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఈ ఏడాది కాయ మహా ఘాటుగా ఉంది, నీ హాస్టలు పిల్లలు జాగ్రత్త.

మీ మావయ్య ఉండుంటే నీ టాకో ఒకటి తినిపెట్టేవారు. ఆయనకి ఏదైనా రొట్టెలో చుట్టుకు తినడం ఇష్టం, ఇడ్లీ కూడా. వెళ్ళిపోయి నాలుగేళ్ళయినా కూర దింపగానే వెనక్కి తిరిగి చూస్తాను, ఎలా ఉందో ఆయన చెప్పాలని.

వార్డెనమ్మకి నచ్చాలని ప్రార్థన చేస్తున్నాను.

అత్త

పటమట
మార్చి 1

అత్తా, అత్తా, అత్తా,

ఏం చేశావు నువ్వు? ఎలా చేశావు?

ఆ మసాలాలో పొగ ఉంది. మాడు వాసన కాదు, పొగ. కట్టెల పొయ్యి దగ్గర కూర్చున్నట్టు, కమ్మగా, లోపల ఎక్కడో తీపిగా. మెక్సికోలో మిరపకాయలని పొగబెట్టి ఎండిస్తారు, దాన్ని చిపోట్లే అంటారు. ఆ సంగతి నేను నీకు రాయనేలేదు. మన ఊళ్ళో దొరకదులే అని ఊరుకున్నాను. నువ్వు దాన్ని ఉయ్యూరు వసారాలో చేసి పంపావు.

శుక్రవారం వార్డెను గారు వచ్చారు. మొదటి టాకో నిలబడి తిన్నారు, రెండోది కూర్చుని తిన్నారు. లేచేటప్పుడు ఒకే మాట అన్నారు. "ఇరవై ఎనిమిదిన ఇదే రుచి రావాలమ్మా. వేరేది తెస్తే నేను మీ వైపు మాట్లాడలేను." నాన్న పక్కనే ఉండి విన్నాడు.

కాబట్టి అత్తా, ఇదే కావాలి, అచ్చంగా ఇదే. ఇంకో మూడు కిలోలు. ఇలా చేయాలని నీకెలా తట్టిందో మాత్రం రాయి.

గాల్లో తేలుతున్న
శాలిని

ఉయ్యూరు
మార్చి 5

శాలూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, ఒకసారి పక్కింటామెకి వినిపించాను. మనిషి పొగిడితే ఈ వయసులో కూడా ఇంత బాగుంటుందని అనుకోలేదు.

ఎలా తట్టిందంటే ఏం చెప్పను. చేతికి కొన్ని తెలుస్తాయి. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి అక్షరాలు దిద్దించిన చెయ్యి, నలభై ఏళ్ళు కారం కొట్టిన చెయ్యి. వార్డెనమ్మ మంచి మనిషిలా ఉంది, రుచి తెలిసినావిడ.

మూడు కిలోలూ తయారుచేసి పంపుతున్నాను. వినీల కూచిపూడి నుంచి వచ్చింది. పసివాడు అచ్చం వాళ్ళ తాతలా ఉన్నాడట, పాపం.

అత్త

పటమట
మార్చి 10

అత్తా,

మసాలా అందింది. బాగుంది. కానీ అది కాదు.

మొదటిసారి పంపినట్టు ఉంది. పొగ లేదు. కొట్టుకొచ్చే ఇద్దరు కుర్రాళ్ళు తిని, "అక్కా, వేరే డబ్బానా" అనడిగారు. నీకు చేతకాక కాదు, నాకు తెలుసు. మరిచిపోయి ఉంటావు, లేకపోతే వినీలక్క వచ్చిందని తనకి అప్పగించి ఉంటావు. దయచేసి ఆ పొగబెట్టినదే మళ్ళీ చెయ్యవా? పద్దెనిమిది రోజులే ఉన్నాయి.

శాలిని

ఉయ్యూరు
మార్చి 14

శాలినికి,

ఈసారి పొగ వచ్చేదాకా వేయించాను. ఇంక పొగ లేదనకు. కిలోన్నర పంపుతున్నాను. రాయడానికి తీరిక లేదు, కూడికకి వేళయింది.

అత్త

పటమట
మార్చి 17

అత్తా,

కోపంగా రాస్తున్నానని ముందే చెబుతున్నాను.

డబ్బా తెరిస్తే బొగ్గు. జీలకర్ర నల్లగా మాడి ఉంది. ఒక్క పూట వాడాను. ఆ ఒక్క పూటా చికెను మొత్తం పారబోశాను. చేదు నా నాలుక మీద ఇంకా ఉంది.

ఇది నీ పని కాదు. నీ ముక్కుకి మాడు వాసన వీధి చివర నుంచే తెలుస్తుంది. నువ్వు ఒంటరిగా చేసినప్పుడు అమృతంలా వచ్చింది. వినీలక్క వచ్చాక రెండుసార్లూ చెడింది. ఫోను చూసుకుంటూ మూకుడు సంగతి మరిచి ఉంటుంది. ఈ మాటే ఫిన్నీ బావతో కూడా అన్నాను, మీ ఆవిడకి ఇది సరదా కావచ్చు గానీ నాకు బతుకు, మూకుడు దగ్గరికి రానివ్వకండి అని. ఆయన మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళాడు.

పదకొండు రోజులు. ఒక్కసారి నువ్వే స్వయంగా చేసి పంపు అత్తా. ఇంకేం అడగను.

శాలిని

ఉయ్యూరు
మార్చి 20, శుక్రవారం

శాలినీ,

మాడ్చింది వినీల కాదు. నేను.

మొన్న ఫిన్నీ వచ్చి నీ మాట పొల్లు పోకుండా చెప్పాడు. అందరం అన్నాల దగ్గరున్నాం. వినీల నా వైపు ఒక్కసారి చూసింది, నేను ఏమైనా అంటానేమోనని. నేను తల వంచుకుని చారు కలుపుకున్నాను. ఆ పిల్ల కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచి వెళ్ళి అంట్లు తోముకుంది. అప్పటి నుంచి సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను, చదివి నవ్వాలనిపిస్తే నవ్వు. నాకు వాసన తెలియదు. అక్టోబరు ముసురులో జ్వరం వచ్చింది గుర్తుందా, దాంతో పోయింది. మొదట జలుబే అనుకున్నాను. క్రిస్మస్‌కి కేకు చేస్తే వీధిలో పోయేవాళ్ళు కూడా ఆహా అన్నారు, నేను పొయ్యి పక్కనే నిలబడి ఉన్నాను, నాకు ఏ వాసనా లేదు. కిరసనాయిలు సీసా మూత తీసి చూసుకున్నాను. నీళ్ళలాగే ఉంది. నాలుకకి ఉప్పు, పులుపు, చేదు తెలుస్తాయి, కారం మంట తెలుస్తుంది. కానీ ఏది జీలకర్రో ఏది ధనియమో కళ్ళు మూసుకుంటే చెప్పలేను.

ఎవరికీ చెప్పలేదు. "ఇది ఎలా ఉందో చూసి చెప్పవే" అని వినీలని పరీక్ష పెట్టినట్టు అడిగేదాన్ని. అది నేను పని నేర్పుతున్నాననుకుని శ్రద్ధగా చూసి చెప్పేది. నీ మొదటి మసాలా దాని ముక్కు మీద నడిచింది. రెండోసారి అది ఊళ్ళో లేదు. ఆ పొగ ఎలా వచ్చిందో నాకు నిజంగా తెలియదు శాలూ. నువ్వు పొగుడుతుంటే కాదనలేకపోయాను. మూడోసారి మామూలుగా చేశాను. నాలుగోసారి, ఒంటిగా చేసినప్పుడే కుదిరింది కదా అని, అది ఇంట్లో లేని వేళ చూసి మూకుడు పెట్టి, మాడిందని తెలియకుండానే మాడ్చాను. పంపేముందు వేలితో నాలిక్కి రాసుకుంటే చేదు తగిలింది. పొగ రుచి అంటే ఇదే కాబోలనుకున్నాను.

ఎందుకు దాచానంటావా? బడి నుంచి దిగిపోయాను. మీ మావయ్య పోయారు. మాఘం వెళ్ళేసరికి నా గుమ్మంలో మిరపకాయల మూటలు దిగుతాయి చూడు, నన్ను వెతుక్కుంటూ వచ్చేది ఆ ఒక్కటే. అదీ పోతే నేను ఈ ఇంట్లో మూల కూర్చునే ముసలమ్మని. ఫోనులో అయితే నా గొంతు నువ్వు పట్టేసేదానివి. ఉత్తరం కాబట్టి చెయ్యి మహిమ అనీ అదనీ ఎన్ని కోతలైనా కోశాను.

నీ ఇరవై ఎనిమిదో తారీకు నేనే పాడుచేశాను. ఇంకెవరి దగ్గరైనా చేయించుకో తల్లీ. వినీలకి ఇవాళ పొద్దున చెప్పేశాను.

సంపూర్ణమ్మ

పటమట
మార్చి 21

అత్తా,

నవ్వలేదు. ఫిన్నీ బావ ఎదురుగానే ఏడ్చాను, ఆయన కంగారుపడి వాటర్ బాటిల్ ఇచ్చాడు.

నువ్వు మూల కూర్చునే ముసలమ్మవైతే నేను నీకు ఈ ఉత్తరాలు ఎందుకు రాస్తాను? మసాలా కోసం మొదలుపెట్టిన మాట నిజమే. ఇప్పుడు బావ సంచీలో నీ ఉత్తరం లేకపోతే ఆ పూట నాకు వెలితిగా ఉంటోంది.

వినీలక్కకి ఫోను చేశాను. తిట్టింది. ఫోను చూసుకుంటూ కాదుగానీ ఇప్పుడు ఫోను పట్టుకునే తిడుతున్నాను విను అని మరీ తిట్టింది. పడ్డాను. తర్వాత తనే, "అయిదు నెలలు పక్కనుండి కనిపెట్టలేకపోయాను శాలినీ" అంది. ముందు నిన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానని ఒట్టు వేయించుకున్నాను.

వేరే ఎవరి దగ్గరా చేయించుకోను. ఒక్కటి చెయ్యి. ఫిబ్రవరిలో మిరపకాయలు పోసిన ఆ గోతాం పారేయకుండా ఉంటే వినీలక్క చేత వాసన చూపించు. నాకు ఆశ చావలేదు.

శాలిని

ఉయ్యూరు
మార్చి 25

శాలూ,

గోతాం ఉంది. వినీల దాన్ని మొహానికి ఆనించుకుని ఒక్క నిమిషం అలాగే నిలబడి, "ఇది చెరకు ఆకు పొగ అత్తయ్యగారూ" అంది. తిన్నగా పక్క చేలోకి వెళ్ళి రత్తయ్యని పట్టుకొచ్చింది. అతను తల గోక్కుంటూ, చెరకు కొట్టేశాక మూడు సాయంత్రాలు మన వసారా పక్కనే ఆకు తగలబెట్టానన్నాడు. "టీచరుగారికి ఇబ్బందేమో అనుకున్నానండీ, మీరేం అనకపోతే సరేలే అనుకున్నాను," అన్నాడు. నేను ఆ వేళకి గుడిలో ఉన్నాను. ముక్కున్న మనిషెవరైనా ఇంటికి రాగానే అడిగేది. నేను కళ్ళు తుడుచుకుని కాయ ఘాటుగా ఉందనుకున్నాను.

రత్తయ్య దగ్గర ఇంకా నాలుగు మోపుల ఆకు మిగిలి ఉంది. తట్టల్లో మిరపకాయలు పోసి, మంట లేకుండా పొగ మాత్రం తగిలేలా రెండు సాయంత్రాలు పెట్టాం. నేను ఆకు వేస్తూ కూర్చున్నాను, వినీల కాయ తీసి వాసన చూస్తూ కూర్చుంది. రెండో సాయంత్రం "ఇంక చాలు" అంది. నాకు తేడా ఏమీ తెలియలేదు. దాని మాట మీద ఆపేశాను. ఈ డబ్బాలో ఉన్నది అదే. మెంతులు వేయలేదు.

డాక్టరు చూశాడు. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. రోజూ లవంగం, నిమ్మతొక్క లాంటివి ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చమన్నాడు. పీలుస్తున్నాను, పుస్తకంలో తెల్ల కాయితం చదువుతున్నట్టుంది.

ఆదివారం గుడి అయ్యాక స్త్రీల సమాజంలో లేచి నిలబడి చెప్పేశాను. నా ముక్కు పనిచేయడం లేదు, మీ మూటలు మీరు తీసుకెళ్ళండి, నేనేం అనుకోను అని. ఇద్దరు ఆ సాయంత్రమే వచ్చి తీసుకెళ్ళారు, వాళ్ళనీ తప్పు పట్టను. పాస్టరమ్మ కృప గారు మాత్రం, "మీ కోడలు వాసన చూస్తుంది, మీరు చెయ్యి వేయండి, మాది ఎప్పటిలాగే అయిదు కిలోలు," అన్నారు. మిగతా పధ్నాలుగు మూటలూ వసారాలోనే ఉన్నాయి. నేను వాటి మధ్యన కూర్చునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒక్క కోరిక. శనివారం అయ్యాక రుచి ఎలా ఉందో అందరిలా రాయకు. వాసన ఎలా ఉందో రాయి. చదువుకుంటాను.

అత్త

పటమట
మార్చి 29, మట్టల ఆదివారం

అత్తా,

ముందు కబురు. రెండు సాయంత్రాల్లో ఒకటి నాది, బుధవారం. రెండోది నూడుల్స్ ఆయనది. మొదట్లో ఆయన దగ్గరే వరస పొడుగ్గా ఉంది. తర్వాత పెనం మీద మసాలా పడింది. నందిగామ నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక అమ్మాయి నూడుల్స్ ప్లేటు చేత్తో పట్టుకునే వరస మారి ఇటు వచ్చింది. తిని, "మా నాయనమ్మ వంటిల్లు" అని ఊరుకుంది. వార్డెను గారు మసాలా ఎవరిదని అడిగారు. మా అత్త చెయ్యి, మా అక్క ముక్కు, రత్తయ్య గారి చెరకు ఆకు అన్నాను. ఆవిడ అలాగే రాసుకున్నారు. నాన్న నాలుగు తిన్నాడు. ఇంటికొచ్చాక హైదరాబాదు అక్కకి ఫోను చేసి, దానికి ఉద్యోగం వద్దులే, మీ ఆయనకి చెప్పు అన్నాడు. నేను కొట్టులోనే ఉంటాను అత్తా. ఏప్రిల్లో ఎక్కడికీ వెళ్ళను.

ఇక నువ్వు అడిగింది. హాలంతా కమ్ముకున్నాక నీకిది తెలియదని గుర్తొచ్చి, గరిటె అక్కడ పెట్టి ఒక నిమిషం పక్కకి వెళ్ళాల్సి వచ్చింది. అప్పుడే గట్టిగా పీల్చి జ్ఞాపకం పెట్టుకున్నాను, నీకు రాయాలని.

ముందు వేడి నూనె. అందులో వెల్లుల్లి, పచ్చిది కాదు, ఎర్రబడిన వెల్లుల్లి. దాని వెనకే జీలకర్ర లేస్తుంది, పెళ్ళిళ్ళలో వంట పందిరి దాటుతుంటే వచ్చేలా. తర్వాత వామాకు. వాన వెలిశాక నువ్వు పెరట్లో చీపురు పట్టుకుని తిరుగుతుంటే నీ చీర కుచ్చెళ్ళకి తగిలి వచ్చేదే, అంత పచ్చగా. ఉల్లిపాయ కాస్త తీపి. ఇవన్నీ సర్దుకున్నాక అన్నిటికీ అడుగున పొగ. శీతాకాలం సాయంత్రం బస్సు కంకిపాడు దాటగానే కిటికీలోంచి చేల మీద వచ్చే పొగ. ఇల్లు దగ్గరపడిందని దాంతోనే తెలిసేది నాకు, ఊరి బోర్డు చూడకుండానే.

ఇంతకంటే రాయడం చేతకాలేదు. అందకపోతే చెప్పు. ఒకరోజు కొట్టు మూసేసి వస్తాను, నీ పక్కన కూర్చుని మూకుడు పెట్టి ఒక్కొక్కటే వేస్తూ ఏది వస్తే అది చెబుతాను. రోజంతా అయినా సరే.

నీ రెండో ముక్కు (మొదటిది వినీలక్క),
శాలిని